రుచి చూడని వంట

ఆ వేసవి మా ఇంట్లో ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరి నోట్లోనూ నీళ్ళు తప్ప ఏదీ పడకూడదు. వండే మనిషికి కూడా అదే నియమం. ఉప్పు సరిపోయిందో లేదో అమ్మ వాసన చూసి తెలుసుకోవాలి. గరిటెతో చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాలుకకు అంటించుకోవడం కుదరదు. మొదట్లో అలవాటు కొద్దీ చెయ్యి నోటి దాకా వెళ్ళేది. మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయేది. ఆ చేతిని గుడ్డకు తుడుచుకుని మళ్ళీ పొయ్యి వైపు తిరిగేది.

నియమాలు అన్నయ్యవి. అన్నయ్య నగరంలో బీమా ఆఫీసులో పనిచేసేవాడు. షుగర్ ఉంది. కిందటేడు ఎడమ పాదం అడుగున పుండు పడి మానలేదు. వేళ్ళు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు చెప్పాక, జీతం లేని సెలవు పెట్టి పొలానికి వచ్చేశాడు. మనిషి వ్యవసాయం నేర్చుకోకముందు ఏం తినేవాడో అదే తినాలని అప్పటికే ఎక్కడో చదివాడు. మాంసం, గుడ్లు, దుంపలు, ఆకులు, పళ్ళు. ధాన్యం లేదు, పప్పు లేదు, పాలు లేవు, చక్కెర లేదు. దాన్ని పేలియో అంటారట. చలికాలం వెళ్ళేలోపు పుండు మానింది. డాక్టరు మాత్రలు తగ్గించాడు. మానిన చోటు నేను చేత్తో తడిమి చూశాను. అందుకే ఆ తర్వాత అన్నయ్య ఏం చెప్పినా ఇంట్లో ఎవరమూ కాదనలేకపోయాం.

మా బడికి సెలవులిచ్చాక నేను ఇంటికి బయల్దేరాను. నాన్న వ్యాను తీసుకుని బస్టాండుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఏంటి నాన్నా, ఇలా చిక్కిపోయావు?"

"నేనిప్పుడు రాతియుగంలో ఉన్నానమ్మా. అక్కడ అందరూ ఇలాగే ఉంటారు."

"అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"ఆదిమానవుడికేం, దివ్యంగా ఉన్నాడు. చెప్పులు కూడా మానేశాడు. నేల మీద ఉత్త కాళ్ళతో నడిస్తే ఒంట్లోకి శక్తి వస్తుందట. నేనూ నడిచాను. ముల్లు వచ్చింది."

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపాడు. డీజిల్ కొట్టించాలన్నాడు. బంకు పక్కన కొట్లో పాలూ చక్కెరా వేసిన టీ ఒకటి తాగి, ఇంకొకటి తాగాడు. డీజిల్ మాట మళ్ళీ ఎత్తలేదు.

"అమ్మతో చెప్పకు" అన్నాడు బండి ఎక్కుతూ.

"అమ్మకి తెలీదా?"

"తెలుసు. చెప్పకు."

ఇంటి వెనక కొత్తగా పొడుగాటి రేకుల షెడ్డు వేశారు. షెడ్డు పక్కన గుంత. అందులో రాళ్ళు కాల్చి, ఆకుల్లో చుట్టిన మాంసం వాటి మధ్య పెట్టి, పైన మట్టి కప్పి వండేవాళ్ళు. అల్యూమినియం గిన్నెలన్నీ అటక ఎక్కాయి. సబ్బు బదులు బూడిద. ఆవును పక్క పొలం వాళ్ళకి ఇచ్చేశారు. పాలు దూడవి, మనిషివి కావు అన్నాడట అన్నయ్య. తోలుకుపోతుంటే అమ్మ గేటు దాకా వెళ్ళి, వాళ్ళు మలుపు తిరిగాక తిరిగొచ్చిందని నాన్న చెప్పాడు.

షెడ్డు అతిథుల కోసం. ఆ వేసవే శిబిరం మొదలైంది. వారానికో జట్టు నగరం నుంచి వచ్చేది. వచ్చినవాళ్ళు ఫోన్లు బుట్టలో వేసి, చెప్పులు గేటు దగ్గర విడిచి, చాపల మీద పడుకుని, పొద్దుటే లేచి గట్ల మీద నడిచేవాళ్ళు. వానలు పడేదాకా జట్లు ఇలాగే వస్తే అన్నయ్య ఉద్యోగం వదిలేసి ఇక్కడే ఉండిపోతాడు. రాకపోతే సెలవు అయిపోతుంది. తిరిగి ఆ కుర్చీలోకి, ఆ క్యాంటీనుకి వెళ్ళాల్సిందే. వదిన అక్కడే బ్యాంకులో పనిచేస్తోంది. ఎప్పుడొస్తావని ఫోన్లో అడుగుతూనే ఉంది.

రోజూ సాయంత్రం అన్నయ్య వెనక మెట్ల మీద కూర్చునేవాడు. అమ్మ కింది మెట్టు మీద కూర్చుని అతని ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకునేది. తడిగుడ్డతో తుడిచి, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, టార్చి వేసి చూసేది. షుగర్ వల్ల ఆ పాదానికి స్పర్శ పోయింది. గాజుపెంకు దిగినా అతనికి తెలీదు. నొప్పి తెలుసుకునే పని అమ్మ కళ్ళది.

"ఇక్కడ ఎర్రగా ఉందేంట్రా?"

"మట్టమ్మా."

"మట్టయితే తుడిస్తే పోవాలిగా." తుడిచింది. పోయింది. మళ్ళీ తుడిచింది.

"నీకు ఈ కాలు తప్ప వేరే పని లేదా?"

"లేదు" అంది అమ్మ. "రెండోది ఇటు పెట్టు."

వంటింట్లో దుంపలు చెక్కు తీస్తూ ఒకరోజు అడిగాను. "నీకు ఇదంతా ఇష్టమేనా అమ్మా?"

"ఇష్టమేంటే? నిన్న కల్లో కూడా టీ తాగాను. రెండు గుక్కలు తాగాక మెలకువొచ్చేసింది."

"మరి చెప్పొచ్చుగా?"

"వాడు ఇక్కడుంటే కాలుంటుంది. అక్కడికి పోతే ఉండదు. నాకు తెలిసింది ఇంతే. ఇందులో నా టీ ఎక్కడ పెట్టమంటావు?"

భోజనాల దగ్గర ఇంకో రెండు నియమాలు. ఒకటి, తింటున్నప్పుడు రుచి మాట ఎత్తకూడదు. బాగాలేదన్నా తప్పే, బాగుందన్నా తప్పే. పొగడ్తకి అలవాటు పడిన నాలుక రేపు చక్కెర అడుగుతుందనేవాడు అన్నయ్య. రెండు, పళ్ళెంలో ఏదీ వదలకూడదు. వేటాడి తెచ్చుకున్నవాడు వదలడు.

"ఈ కాయల్ని ఎవరు వేటాడారు?" అని నాన్న ఒకసారి అడిగాడు. అతిథుల్లో ఒకాయనకి పొలమారింది.

నాన్నకీ అన్నయ్యకీ పేచీ వచ్చింది కంచె దగ్గర. కూరగాయల మడి పక్కన కంచెకి ఒక అడవి తీగ అల్లుకుంది. గుండ్రంగా చిన్న కాయలు కాస్తుంది. కిందటేటి నుంచి ఉంది. నాన్న కొడవలి తీసుకుని వెళ్తే అన్నయ్య అడ్డం వచ్చాడు.

"ఉండనీ నాన్నా. దాని చోట్లో అది ఉంది. పీకడానికి మనమెవరం?"

"పొలం మనది కదా, అందుకు."

"అసలు పొలమనేదే తప్పు. మనిషి చెడిపోయింది అక్కడే."

"నిన్ను చదివించింది ఆ తప్పేరా" అన్నాడు నాన్న. కొడవలి మాత్రం చూరులో పెట్టేశాడు.

మడిలో సొరపాదు వేసింది అన్నయ్యే. విత్తనం కొనలేదు. కిందటేటి కాయను తీగ మీదే ఎండనిచ్చి, అందులోంచి తీసిన విత్తనం. పాదు షెడ్డు మీదికి పాకింది. తొలి కాయలు కోసే నాటికి ఎండలు ముదిరాయి. షెడ్డు నిండా జనం ఉన్నారు. పళ్ళ డాక్టరు ఒకాయన, లెక్కల ఆఫీసు నడిపే భార్యాభర్తలు, బస్సు డ్రైవరుగా రిటైరైన ఆయన, ఇంకొందరు. మా శిబిరం గురించి పేపర్లో రాస్తానని ఒకావిడ కూడా వచ్చింది. ఆవిడ రాస్తే తర్వాతి జట్లకి కొదవ ఉండదని అన్నయ్య ఆ వారమంతా హుషారుగా ఉన్నాడు. అమ్మ కూడా ఆవిడ చాప రోజూ తనే దులిపేది.

ఎముకలు ఉడికించిన నీళ్ళలో సొరకాయ ముక్కలు వేసి అమ్మ చారు కాచింది. మూత తీసి వాసన చూసింది. వాసనలో ఏమీ లేదు. ఎండ నడినెత్తికి వచ్చాక అందరికీ మట్టి గిన్నెల్లో పోసింది.

నేను ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. నాలుక వెనక్కి ముడుచుకుంది. తలెత్తి చూశాను. పళ్ళ డాక్టరు తన గిన్నెలోకి చూస్తున్నాడు. లెక్కల ఆఫీసు ఆవిడ భర్తను మోకాలితో పొడిచింది. పేపరావిడ చెంచా కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టింది. నాన్న గిన్నె పక్కకు జరిపి మాంసం తిన్నాడు. అన్నయ్య మాత్రం గిన్నె ఎత్తి చివరిదాకా తాగాడు.

భోజనాలయ్యాక గుంత దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. "ఇవాళ మీ నాలుక ఏదో గొణిగి ఉంటుంది. వినకండి. తీపి కోసం మనిషి విత్తనాల్ని మార్చుకుంటూ వచ్చాడు. వదిలేస్తే విత్తనం తన మొదటి రుచికి తనే వెళ్ళిపోతుంది. ఇవాళ మీరు తాగింది అదే."

పేపరావిడ తల ఊపింది. అన్నయ్య ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

గిన్నెలు తీయడానికి వెళ్తే చాలావాటిలో చారు అలాగే ఉంది. కొన్ని స్తంభాల వెనక దాచారు. పళ్ళ డాక్టరు తన గిన్నె వంటింటి కిటికీలో పెట్టి, "చేదుగా ఉందమ్మా, ఏమనుకోకండి" అని మెల్లగా చెప్పి వెళ్ళాడు. అమ్మ అవన్నీ ఒక కుండలోకి వంచింది.

"పారబోసెయ్ అమ్మా" అన్నాను.

"ఎక్కడ పారబోస్తాను? వాడు కాలవ దగ్గరే నిలబడి ఆవిడకి మడి చూపిస్తున్నాడు."

"కోళ్ళకి పెట్టు."

"కోళ్ళు వాడి పక్కనే ఉన్నాయి. ఇంతమంది వదిలేశారని తెలిస్తే మనసు పాడుచేసుకుంటాడే. ఇవాళే ఇంత సంతోషంగా ఉన్నాడు."

"నోట్లో పెట్టుకోలేకపోయాను. అంత చేదు."

"మందనుకుంటే సరి" అంది అమ్మ. కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ, నిలబడే, కుండ ఎత్తి తాగింది. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. బయట ఎవరో చాపలు ఎండలో వెయ్యమని నన్ను పిలిచారు.

ఎండ తగ్గక ముందే పళ్ళ డాక్టరు షెడ్డు వెనక వాంతి చేసుకున్నాడు. మరో ఇద్దరికి కడుపులో మెలిపెట్టింది. ఒంట్లో పేరుకున్న విషాలు బయటికి పోతున్నాయని, మంచిదేనని అన్నయ్య వాళ్ళకి నీళ్ళిచ్చాడు. అతని ముఖం కూడా పాలిపోయి ఉంది. అప్పుడు అమ్మ స్నానాల గదిలోంచి గోడ పట్టుకుని వచ్చింది. పడుకుంటే తగ్గుతుందంది. పడుకుని మళ్ళీ లేచింది. తర్వాత లేవలేకపోయింది. మంచం పక్కన బేసిను పెట్టాం. నాన్న దాన్ని పారబోయడానికి తీసుకెళ్ళి, గుమ్మం దగ్గర వెలుతురులో చూసి, అక్కడే కింద పెట్టేశాడు. అందులో రక్తం ఉంది.

నాన్న వ్యాను తాళాలు తీశాడు. వెనక సీట్లో పరుపు వేశాడు.

అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. "కాసేపు చూద్దాం నాన్నా. ఒంట్లోంచి అంతా పోయాక..."

"పక్కకి జరుగు" అన్నాడు నాన్న.

అన్నయ్య జరిగాడు.

ఆసుపత్రిలో అమ్మ బీపీ మొదట మిషనుకు అందలేదు. చేతులు రెండిటికీ సెలైన్లు పెట్టారు. డాక్టరమ్మ బయటికొచ్చి ఏం తిన్నారని అడిగింది. చెప్పాం.

"చేదుగా ఉందా?"

"ఉంది" అన్నాను.

"చేదు సొరకాయ విషమండీ. నాలుక మీద పెట్టగానే ఉమ్మేస్తారు ఎవరైనా. ఇంత ఎలా తాగారు?"

విత్తనం ఎక్కడిదని అడిగింది. దగ్గర్లో అడవి తీగలేమైనా ఉన్నాయా అంది. వాటి పుప్పొడి పడితే తర్వాతి ఏటి కాయల్లోకి ఆ విషం వస్తుందని చెప్పింది. అన్నయ్య నేల వైపు చూస్తూ విన్నాడు.

తర్వాత క్యాంటీనుకు వెళ్ళాం. నేను నీళ్ళ సీసా కొనుక్కుని వచ్చేసరికి అన్నయ్య బల్ల దగ్గర కూర్చుని బన్ను తింటున్నాడు. ముందు టీ ఉంది. అందులో చక్కెర వేసుకుని కలిపి, బన్ను ముంచుకుని తిన్నాడు. అయ్యాక ఇంకొకటి తెచ్చుకున్నాడు.

"అన్నయ్యా" అన్నాను.

"ఆకలేస్తోంది" అన్నాడు.

అమ్మ బతికింది. వారం దాటాక ఇంటికి తెచ్చాం. అతిథులు ఎప్పుడో వెళ్ళిపోయారు. పేపరావిడ ఏమీ రాయలేదు. రావాల్సిన జట్లకి అన్నయ్యే ఫోన్లు చేసి వద్దని చెప్పాడు. నాన్న కంచె మీది తీగనీ సొరపాదునీ వేళ్ళతో సహా పీకి తగలబెట్టాడు. అన్నయ్య చూస్తూ నిలబడ్డాడు. కాళ్ళకి చెప్పులున్నాయి.

ఇంకొన్నాళ్ళకి అమ్మ జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, దువ్వెనలో, నీళ్ళ బకెట్లో. ఆ విషం వల్ల రాలుతుందని, మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మిగిలిన కుచ్చుల్ని నాన్న బట్టల కత్తెరతో కత్తిరించాడు.

"మెల్లగా. చెవి" అంది అమ్మ.

"చెవి పోతే నా మాట వినక్కర్లేదని నీకే సంతోషం."

"ఇప్పుడు మాత్రం వింటున్నానా?"

నాన్న కత్తెర పక్కన పెట్టి ఆమె మెడ మీది వెంట్రుకలు ఊదాడు.

అన్నయ్య బంకు దగ్గర కొట్టుకి రోజూ వెళ్ళొచ్చేవాడు. బ్రెడ్డు, జాము, బిస్కెట్లు తెచ్చుకునేవాడు. పొద్దున లేవగానే మొదలుపెట్టేవాడు. ఇష్టంగా తింటున్నట్టు ఉండేది కాదు, గుంత పూడుస్తున్నట్టు ఉండేది. నాన్న మాత్రం బంకుకి వెళ్ళడం మానేశాడు.

అమ్మ మంచం దిగిన రోజు సాయంత్రం గోడ పట్టుకుని, అన్నయ్య కూర్చున్న వెనక మెట్ల దగ్గరికి వచ్చింది.

"కాలు ఇటు పెట్టు."

"వద్దమ్మా."

"తప్పు కాయది. నీ తిండిది కాదు. దాంతోనే కదరా పుండు మానింది. మళ్ళీ అదే తిను. చారు ఒక్కటి మానేద్దాం."

"నువ్వు చావబోయావు."

"చావలేదుగా."

"నాకు ఆ తిండి చూస్తే బేసిను కనిపిస్తోందమ్మా" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తడిగుడ్డ అమ్మ చేతిలో ఉండిపోయింది.

మర్నాటి నుంచి అమ్మ మళ్ళీ వండడం మొదలుపెట్టింది. మాంసం, గుడ్లు, దుంపలు. రస్కులు తినమని డాక్టరమ్మ ఆమెకు చెప్పింది. అవి ముట్టుకోలేదు. అన్నయ్య ఎదురుగా కూర్చుని అదే తిండి తినేది.

"చూడు, తింటున్నా. నాకేం కాలేదు."

అన్నయ్య చూసేవాడు కాదు. తన పళ్ళెం ముందుకు తోసి బ్రెడ్డు తీసుకునేవాడు. తోసేసిన పళ్ళెంలోది నాన్న తినేవాడు. తిని, పళ్ళెం కడిగి బోర్లించేవాడు.

సెలవులు ముగిసేముందు బట్టలు ఉతుకుతుంటే అన్నయ్య ఎడమ సాక్సు నా చేతికొచ్చింది. మడమ దగ్గర పసుపు మరక, దాని చుట్టూ గట్టిపడిన అంచు. నేను తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తిరిగి ఇచ్చేసింది.

తొలి వాన పడ్డాక వదిన కారులో వచ్చింది. అన్నయ్యే రమ్మన్నాడు. ఆఫీసు వాళ్ళు వచ్చే వారం నుంచి చేరమన్నారట. వదిన కాలు చూసింది. కట్టు విప్పి, మళ్ళీ కట్టింది.

"అక్కడ ఇంటి పక్కనే ఆసుపత్రి ఉంది అత్తయ్యా. మంచి డాక్టర్లు. నేను చూసుకుంటాను."

"ఆసుపత్రి ఉందని నాకూ తెలుసమ్మా. వేళ్ళు తీసేస్తామన్నది అక్కడే."

వదిన అమ్మ తలకు కట్టుకున్న గుడ్డ వైపు చూసింది.

బయల్దేరేటప్పుడు అన్నయ్యకి ఎడమ బూటు ఎక్కలేదు. వదిన మోకాళ్ళ మీద కూర్చుని తాడు మొత్తం లాగేసి ప్రయత్నించింది. ఎక్కలేదు. బూటు కారులో వేసి నాన్న చెప్పులు తొడిగింది. అన్నయ్య అమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అమ్మ అతని చొక్కా కాలరు సర్ది, స్టీలు డబ్బా చేతికిచ్చింది.

"దారిలో తిను. గుడ్లు, కాల్చిన దుంప. చారు లేదు."

"సరేనమ్మా."

కారు గేటు దాటి మలుపు తిరిగింది. వాన మళ్ళీ మొదలైంది. గేటు వెయ్యడానికి వెళ్ళిన నాన్న డబ్బాతో తిరిగొచ్చాడు. గేటు స్తంభం మీద పెట్టి ఉందన్నాడు. వాన పడకుండా పైన బ్రెడ్డు కవరు కప్పి ఉంది.

అమ్మ కవరు తీసి పక్కన పెట్టింది. డబ్బా మూత తెరిచి, వేళ్ళతో అంచు తాకి చూసింది.

"ఇంకా వేడిగానే ఉంది" అంది. అని, మాకు మూడు పళ్ళేలు తీసింది.